ఇంట్లో వ్యాయామానికి డిస్కు ఎలా ఎంచుకోవాలి, క్యాసెట్టు ఎందుకు పక్కన పెట్టాలి

పాలకొల్లులో మా వీధిలో ఎవరింటి అటక దులిపినా రెండు రకాల సరుకు బయటపడుతుంది. సంచీడు నల్లటి వీడియో క్యాసెట్లు, ఒక దొంతర డిస్కులు. కువైట్ నుంచో మస్కట్ నుంచో సెలవుకి వచ్చినవాళ్ళు తెచ్చినవి కొన్ని, అమెరికాలో ఉన్న పిల్లలు పంపినవి కొన్ని, మన బజార్లో కొన్నవి కొన్ని. వాటి మీద యోగా అనో, ఏరోబిక్స్ అనో, నడుమునొప్పి వ్యాయామాలు అనో రాసి ఉంటే ఆ సంచీ తిన్నగా మా ఇంటికి వస్తుంది. నేను హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. పొద్దున్నే మా హాల్లో వీధిలోని ఆడవాళ్ళం టీవీ ముందు చేరి వ్యాయామం చేస్తాం. అందుకని, "టీచరుగారండీ, ఇవి పనికొస్తాయాండీ, పారేయమంటారా?" అని నన్నే అడుగుతారు.

యూట్యూబ్ ఉండగా ఈ పాత సామానంతా ఎందుకని మీరూ అనుకుంటారు. ఇంట్లో నెట్టు బాగా వచ్చే స్మార్ట్ టీవీ ఉంటే సరే, దాన్నే వాడుకోండి. కానీ మా పక్కింటి పిన్నిగారి లాంటివాళ్ళకి అరచేతిలో పట్టే తెర మీద టీచరు మోకాలు ఎటు తిరిగిందో కనపడదు. కాలు పైకెత్తి పడుకున్న సమయానికి ప్రకటన వస్తుంది. అది అయిపోయేసరికి ఒళ్ళు చల్లబడుతుంది. పాఠం అయ్యాక దానంతటదే ఇంకో వీడియో మొదలై, అరవై దాటిన మనిషిని గెంతమంటుంది. పాత టీవీ, పాత ప్లేయరు ఉన్న ఇంట్లో మంచి డిస్కు ఒకటి ఉంటే ఈ గొడవ లేదు.

క్యాసెట్టా డిస్కా అని అడిగితే మాత్రం నేను తడుముకోను. డిస్కే.

సినిమాని మొదట్నించి చివరిదాకా ఒకసారి చూసి వదిలేస్తాం. వ్యాయామం పాఠం అలా చూసేది కాదు. అందులో ఒక మూడు నిమిషాల ముక్క మనకి లొంగదు. దాన్నే మళ్ళీ మళ్ళీ చూడాలి, ఆపి చూడాలి, మెల్లగా తిప్పి చూడాలి. వద్దనుకున్న ముక్కని దాటెయ్యాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నమనిషి గెంతే భాగం వదిలేసి, చివర్లో ఒళ్ళు సాగదీసే భాగానికి తిన్నగా వెళ్ళగలగాలి. టేపు మీద ఇది నరకం. రివైండ్ నొక్కి, ఆపి, చూసి, ఎక్కువ వెనక్కి పోయిందని మళ్ళీ ముందుకి తిప్పి... ఈలోగా చెమట ఆరిపోతుంది. డిస్కులో రిమోట్ మీద ఒక్క నొక్కుతో కావలసిన ముక్కకి, అంటే ఆ చాప్టర్‌కి వెళ్తాం.

ఆపి చూడటంలో ఇంకో తేడా ఉంది. టేపుని పాజ్‌లో పెడితే బొమ్మ మీద గీతలు వస్తాయి, వణుకుతుంది. పైగా క్యాసెట్టు ఆడించే వీసీఆర్‌లో, టేపుని చదివే హెడ్ ఉన్న డ్రమ్ము తిరుగుతూనే ఉండి, టేపులో ఆ ఒక్కచోటే రాసుకుంటూ ఉంటుంది. అందుకే చాలా వీసీఆర్‌లు పాజ్‌లో కొన్ని నిమిషాలు ఉంచితే వాటంతటవే ఆగిపోతాయి. మనకి ఎక్కువగా పనికొచ్చే చోటే టేపు ముందుగా అరిగిపోతుందన్నమాట. డిస్కుని తాకేది లేజరు వెలుగు మాత్రమే. ఒకే ఆసనం దగ్గర ఎంతసేపు ఆపినా అరిగేదేమీ ఉండదు.

మన గాలి సంగతి

హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు తమ క్యాసెట్లు ఇప్పటికీ బాగానే ఆడుతున్నాయని చెబుతారు. ఆడతాయి, అక్కడి గాలి పొడి. మనకి ఇటు కాలవ, అటు చేపల చెరువు, కాస్త దూరంలో సముద్రం. ఆషాఢం వచ్చిందంటే గచ్చే చెమరుస్తుంది. ఆ చెమ్మలో టేపుకి బూజు పడుతుంది.

క్యాసెట్టుని డెక్కులో, అంటే వీసీఆర్‌లో, పెట్టేముందు దాని కిటికీలోంచి చుట్ట అంచు చూడండి. నల్లగా నున్నగా ఉంటే బాగున్నట్టు. ఆవకాయ జాడీ మూతకి పట్టినట్టు తెల్లటి పొడో, సాలెపోగులో కనిపిస్తే పెట్టకండి. ఆ బూజు హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ అక్కణ్ణించి పాకుతుంది. ఒక్క క్యాసెట్టు పుణ్యమా అని ఇంట్లో ఉన్నవన్నీ పోతాయి. పొరపాటున పెట్టేసి ఉంటే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించాలి. అది చేతనైన మెకానిక్కు దగ్గరే చేయించండి, గుడ్డ పెట్టి అడ్డదిడ్డంగా రుద్దితే హెడ్ విరిగిపోతుంది.

ఆ మెకానిక్కుని పట్టుకోవడమే ఇప్పుడు కష్టం. ఈ క్యాసెట్ల పద్ధతిని, అంటే వీహెచ్ఎస్‌ని, జేవీసీ కంపెనీ 1976లో జపాన్‌లో తెచ్చింది. వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో మానేసింది. అంటే మీ దగ్గరున్న డెక్కు పోతే ఇంకొకరి పాత డెక్కే గతి, అందులో బెల్టులూ రబ్బరు చక్రాలూ ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటాయి. డీవీడీ ప్లేయర్లు ఇంకా దొరుకుతున్నాయి, సెకండ్ హ్యాండ్‌లో అయితే మరీ చవక. కోనసీమని తుఫాను తుడిచిపెట్టిన 1996 నవంబరులోనే జపాన్‌లో మొదటి డీవీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చాయి. మన వీధిదాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టిందనుకోండి.

టేపు పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మధ్యలో కరెంటు పోతే టేపు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. తీసుకెళ్ళి ఇంకో ఇంట్లో పెట్టినా అక్కణ్ణించే మొదలవుతుంది. డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి కరెంటు పోయొస్తే ఏమీ గుర్తుండదు, మళ్ళీ మొదటి మెనూయే. ఇన్వర్టర్ ఉంటే ప్లేయరు ప్లగ్గు దాని లైనులోకి మార్పించుకోండి, లేకపోతే చేస్తున్న చాప్టర్ నంబరు గుర్తుపెట్టుకోండి.

డిస్కులన్నీ ఒకటి కావు

పైకి చూస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి. వీసీడీ, డీవీడీ రెండూ 12 సెంటీమీటర్ల బిళ్ళలే. కానీ వీసీడీ 1993 నాటి పద్ధతి, ఒక్కో బిళ్ళలో 74 నిమిషాలే పడుతుంది. బొమ్మ నాణ్యత కూడా అంతంతమాత్రం. మన దేశంలో టీవీ బొమ్మకి వాడే పాల్ పద్ధతిలో వీసీడీ బొమ్మ అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. డీవీడీ బొమ్మ 720, 576. లెక్కేస్తే నాలుగు రెట్లు. సినిమా పాటకి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. వ్యాయామంలో టీచరు నిలువెత్తు మనిషిగా దూరం నుంచి కనపడుతుంది. పాదం వేళ్ళు ముందుకి ఉన్నాయా, పక్కకి తిరిగాయా, మోకాలు వేళ్ళని దాటిందా అన్నది వీసీడీలో మసకమసకగా ఉంటుంది. తప్పుగా నేర్చుకునేది అక్కడే. ఒకే పాఠం రెండు రకాల్లోనూ ఉంటే డీవీడీయే తీసుకోండి.

డీవీడీ ప్లేయర్లో వీసీడీ ఆడుతుంది, వీసీడీ ప్లేయర్లో డీవీడీ ఆడదు. ఇంట్లో ఉన్నది ఏ ప్లేయరో ముందు దాని మీద ఉన్న గుర్తు చూసుకోండి.

బయటి దేశాల నుంచి వచ్చిన డిస్కులతో ఒక చిక్కుంది. డీవీడీలని ప్రాంతాల వారీగా తాళం వేసి అమ్ముతారు. అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మ, దాని మధ్యలో ఒక అంకె ఉంటుంది. మన దేశానిది 5. అమెరికాది 1. గల్ఫ్ దేశాలూ యూరప్, జపాన్ 2. అన్ని ప్రాంతాల్లోనూ ఆడే డిస్కుల మీద 0 అనో, ఆల్ అనో ఉంటుంది. మా వెనక వీధిలో ఒకావిడకి కూతురు అమెరికా నుంచి మంచి వ్యాయామం డిస్కులు పంపింది. ప్లేయరు తెర మీద తప్పు ప్రాంతం అని చూపించి ఊరుకుంది. "ప్లేయరు పాడైపోయిందమ్మా, కొత్తది కొనాలి" అని ఆవిడ దిగులు. ప్లేయర్‌కి ఏమీ కాలేదు. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయరు మరొకరింట్లో ఉంటే అందులో శుభ్రంగా ఆడాయి. కంప్యూటర్లో పెడితే అది ప్రాంతం మార్చమంటారా అని అడుగుతుంది. తొందరపడి సరే అనకండి. కంప్యూటర్ డ్రైవుల్లో ప్రాంతాన్ని ఐదుసార్లే మార్చగలం, ఆ తర్వాత చివర పెట్టినదానికే బిగిసిపోతుంది. పిల్లల చేత ఏదైనా పంపించుకునేటప్పుడు, "నాన్నా, వెనక అంకె చూసి కొను" అని ముందే చెప్పండి.

టీవీ బొమ్మ పద్ధతిలో అమెరికావి ఎన్‌టీఎస్‌సీ, మనవి పాల్ అన్న తేడా కూడా ఉంది. మన దగ్గర అమ్మిన ప్లేయర్లూ టీవీలూ ఎక్కువ భాగం రెండూ చూపిస్తాయి కాబట్టి దీనికి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, పైకి దొర్లిపోతున్నా ప్లేయరు సెట్టింగుల్లో టీవీ రకాన్ని ఆటో అనో మల్టీ అనో మార్చి చూడండి.

పాఠం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది

అట్ట మీద సన్నటి నడుము చూసి కొనకండి. నేను ఏ డిస్కు వచ్చినా ముందు కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ మొత్తం చూస్తాను. ఒళ్ళు కదపను. మీరూ అలాగే చెయ్యండి.

మొదట మెనూ తెరవండి. వార్మప్, అసలు వ్యాయామం, కూల్‌డౌన్ వేరువేరు చాప్టర్లుగా ఉన్నాయా? ఉంటే తయారుచేసినవాళ్ళకి పని తెలుసు. గంటసేపు పాఠం ఒకే ముద్దగా ఉంటే అది క్యాసెట్టుని డిస్కులోకి ఎక్కించినదే అయ్యుంటుంది. డిస్కు కొన్న లాభం సగం పోయినట్టే. వార్మప్ ఐదు నిమిషాల కన్నా తక్కువుంటే నేను పక్కన పెట్టేస్తాను.

తర్వాత టీచరు తీరు చూడాలి. మనకి ఎదురుగా నిలబడి, "కుడిచెయ్యి" అన్నప్పుడు మనం కుడి ఎత్తితే అద్దంలో చూసుకున్నట్టు ఉండాలి. కొందరు తమ కుడి అంటారు, కొందరు మన కుడి అంటారు, కొందరు ఒకే పాఠంలో రెండూ అంటారు. ఆ మూడోరకంతో నలుగురు కలిసి చేస్తే చేతులు ఒకరికొకరు తగిలి నవ్వులే నవ్వులు. కదలిక మారకముందే మాటతో చెప్పే టీచరు మంచి టీచరు. కదిలాక చెబితే మనం ఎప్పుడూ ఒక అడుగు వెనకే. వెనక వరసలో ఒక మనిషి అదే వ్యాయామాన్ని గెంతకుండా, తేలిగ్గా చేసి చూపిస్తూ ఉంటే ఆ డిస్కుని వదలకండి. మన వయసువాళ్ళు చూడాల్సింది ఆ వెనక మనిషినే.

భాష ఇంగ్లీషని భయపడక్కర్లేదు. నాలుగు రోజులు చూస్తే మాటలు అవసరం లేకుండా తెలిసిపోతుంది. డీవీడీలో ఒకటి కన్నా ఎక్కువ ఆడియో ట్రాకులు పెట్టవచ్చు కాబట్టి, కొన్నిట్లో మాటల్లేకుండా సంగీతం మాత్రమే వచ్చే ట్రాకు ఉంటుంది. రిమోట్ మీద ఆడియో అన్న బటన్ నొక్కి చూడండి. మాటల ట్రాకుతో నేర్చుకుని, తర్వాత సంగీతం ట్రాకుకి మారితే హాయిగా ఉంటుంది. బొమ్మని ఇంకో వైపు నుంచి చూపించే యాంగిల్ అన్న బటన్ కూడా ఉంటుంది. డిస్కుని అలా తయారుచేస్తేనే అది పనిచేస్తుంది, చాలావాటిలో చెయ్యదు.

ఎంత నిడివి ఉండాలి? పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, అది కాక రెండు రోజులు కండరాలకి బలమిచ్చేవి చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అరవై ఐదు దాటినవాళ్ళు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు వారానికి మూడు రోజులు చెయ్యాలి. అంటే అరగంట పాఠం వారానికి ఐదు రోజులు చేస్తే కనీసం సరిపోతుంది. గంటన్నర డిస్కు కొని రెండో రోజే మానేసే కన్నా అరగంట ముక్కలున్నది నయం. ఓ మోస్తరు అంటే, చేస్తున్నప్పుడు పక్కావిడతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మా వాళ్ళు మాట్లాడటంలో ఏనాడూ ఇబ్బంది పడలేదు. గుండెజబ్బు, మోకాలి ఆపరేషన్ లాంటివి ఉంటే డిస్కు చూపించి డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టండి. చేస్తుండగా గుండెల్లో నొప్పో, కళ్ళు తిరగడమో వస్తే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోకూడదు.

రిమోట్‌తో నేర్చుకోవడం

దీన్ని ఎవరూ వాడరు, నాకు చచ్చేంత ఇష్టం. రిమోట్ మీద ఏ-బీ అని ఒక బటన్ ఉంటుంది. కష్టమైన కదలిక మొదలయ్యేచోట ఒకసారి నొక్కండి, అయిపోయేచోట ఇంకోసారి నొక్కండి. ఆ ముక్క ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. ఇంకోసారి నొక్కితే మామూలుగా ముందుకి సాగుతుంది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం మా పిన్నిగారికి ఇలాగే వచ్చింది. మొదట స్లో బటన్‌తో సగం వేగంలో చూడండి, తర్వాత ఏ-బీ పెట్టుకుని చెయ్యండి, ఆ తర్వాతే పూర్తి పాఠం.

నేల గురించి ఒక మాట. మన ఇళ్ళల్లో గ్రానైటో, టైల్సో. వానాకాలం చెమర్చిన నేల మీద జంపఖానా పరిస్తే కాలుతోపాటు జంపఖానా కూడా జారుతుంది. కొబ్బరిపీచు పట్టా జారదు గానీ మోకాలు ఆన్చితే గీసుకుపోతుంది. అడుగున రబ్బరు ఉన్న మ్యాటే వేసుకోండి, ముందు నేల పొడిగుడ్డతో తుడవండి. పడుకుని చేసేవాటికి టీవీ మరీ ఎత్తున ఉంటే మెడ పట్టేస్తుంది. అలాంటి చాప్టర్లు ముందు కూర్చుని చూసి, తర్వాత మాట విని చెయ్యాలి.

డిస్కుని బతికించుకోవడం

తుడిచేటప్పుడు మెత్తటి నూలుగుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత డేటా వెంబడే పోతుంది, దాన్ని ప్లేయరు సర్దుకోలేదు. వీసీడీని పేరున్న వైపు కూడా జాగ్రత్తగా చూడాలి. అందులో డేటా పొర ఆ పైపూత కిందే ఉంటుంది, బాల్‌పెన్నుతో రాస్తే పోతుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త గట్టిది. కాగితం స్టిక్కర్లు అంటించకండి, చెమ్మకి లేచిపోయి ప్లేయర్లో ఇరుక్కుంటాయి. ఇంట్లో కాపీ చేసిన డిస్కులని కిటికీ దగ్గర ఎండలో ఉంచితే అందులోని రంగు వెలిసి కొన్నాళ్ళకి ఆడవు. డబ్బాలో నిలబెట్టి, మందుల సీసాల్లోనో కొత్త చెప్పుల పెట్టెలోనో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి మూతపెట్టండి.

మంచి పాఠం క్యాసెట్టులో మాత్రమే ఉంటే? మా స్కూలు వార్షికోత్సవంలో పిల్లలు చేసిన లెజిమ్, డంబెల్ డ్రిల్లు నా దగ్గర టేపు మీదే ఉండేవి. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోవాళ్ళు వీసీఆర్‌ని కంప్యూటర్‌కి కలిపి ఎక్కించి ఇచ్చారు. గంట టేపుకి గంటా పడుతుంది, దానికి అడ్డదారి లేదు. ఇచ్చేటప్పుడు రెండు సంగతులు చెప్పండి. ఉత్త ఫైలుగా కాకుండా డీవీడీ ప్లేయర్లో ఆడేలా చెయ్యమనాలి. ఎక్కడెక్కడ చాప్టర్లు పెట్టాలో నిమిషాలతో కాగితం మీద రాసివ్వాలి. అదే పాఠాన్ని పెన్‌డ్రైవులో కూడా వేయించుకుంటే మంచిది. ఈ పని వాయిదా వెయ్యకండి, ఇంకో రెండు వానాకాలాలు పోతే ఆ టేపు ఉండకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్ ప్లేయరు కొనేవాళ్ళు మీ డిస్కునే వెంట తీసుకెళ్ళండి. కాస్త గీతలు పడ్డదైతే ఇంకా మంచిది, లేజరు బలం తెలుస్తుంది. చివరి చాప్టర్‌దాకా తిప్పి చూడండి, అలిసిపోయిన లేజరు డిస్కు అంచు దగ్గరే తడబడుతుంది. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు మీ టీవీ వెనక ఎక్కుతాయో లేదో ముందే చూసుకోండి. కొత్త టీవీలు కొన్నిటికి దానికోసం వేరే చిన్న వైరు కావాలి. ఇక రిమోట్ లేకుండా ప్లేయరు ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. ముందున్న బటన్లతో ఆడించడం, ఆపడమే కుదురుతుంది. మెనూ, చాప్టర్లు, ఏ-బీ అన్నీ రిమోట్ మీదే ఉంటాయి.